రాతియుగం కథకి స్ట్రాంగ్ హీరోయిన్ ఎలా రాయాలి? పులిని చంపించి, తర్వాత ఆ పేజీ చింపేసినదాన్ని చెప్తున్నా

"రాతియుగం నేపథ్యంలో నవల మొదలుపెట్టాను, హీరోయిన్ బలంగా ఉండాలి, కానీ ఎంత రాసినా సినిమా ఫైట్ సీన్‌లానే వస్తోంది, ఏం చెయ్యాలి" అని అడిగారు కదా. నాదీ అదే కథండీ. నాలుగేళ్ళ కింద మొదలుపెట్టా, ఇప్పుడు మూడో డ్రాఫ్ట్‌లో ఉన్నా, ఉద్యోగం, పిల్లలు, మధ్యలో ఏడాది అసలు ముట్టుకోలేదు.

మొదటి డ్రాఫ్ట్ మొదటి పేజీలోనే మా హీరోయిన్ ఒక్కతే పులిని చంపేసింది. పేరు అగ్నిజ. నాలుగో పేజీలో గుర్రంలా పరిగెత్తింది, ఎనిమిదో పేజీలో పచ్చిమిరపకాయ కారం నూరింది. మా ఆయన చదివి "మిరపకాయ పోర్చుగీసువాళ్ళతో వచ్చింది కదే, అయిదొందల ఏళ్ళు కూడా అయ్యుండదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది గానీ ఆయన అన్నది నిజం. టమాటా, మొక్కజొన్న, శనక్కాయ అన్నీ అమెరికా ఖండం నుంచి వచ్చినవే, మరి మా హీరోయిన్ ఏం తింటుంది? అక్కడ మొదలైంది నా అసలు పని.

ముందు మీరు తేల్చుకోవాల్సింది ఏ రాతియుగం, ఏ ఊరు అని. "రాతియుగం" అంటే లక్షల ఏళ్ళు అండీ, గుహలో వేటాడేవాళ్ళూ అందులోనే, ఆవుల్ని మేపేవాళ్ళూ అందులోనే. నేను మా అత్తగారి ఊరి వైపు తీసుకున్నా, గుంతకల్లు దగ్గర, అక్కడినుంచి బళ్ళారి పెద్ద దూరం కాదు. బళ్ళారి పక్కన సంగనకల్లు, కుప్‌గల్ కొండలున్నాయి, అక్కడ కొత్తరాతియుగంలో (అంటే పశువుల పెంపకం, పంటలు మొదలైన చివరి దశ) నల్లరాయితో గొడ్డళ్ళు చేసేవాళ్ళు, చిన్నాచితకా కాదు, ఆ చెక్కుముక్కలు చూస్తే ఫ్యాక్టరీ అనాలి. కొన్ని బండలైతే ఇంకో రాయి తీసుకుని కొడితే గంటలా మోగుతాయి, కొట్టీ కొట్టీ గుంటలు పడ్డాయి. రాతి మీద ఎద్దుల బొమ్మలు బోలెడు. క్వారీల వల్ల కొంత పోయింది కూడా, అది వేరే ఏడుపు.

ఇటు తెలంగాణలో మక్తల్ దగ్గర ఉట్నూరు ఉంది (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, నేను మొదట అక్కడికే టికెట్ చూశా). 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ బూడిద దిబ్బ తవ్వాడు. ఆ బూడిద దేనిది అంటే పేడది. ఆవుల్ని చుట్టూ గుంజలు పాతి దొడ్డిలో కట్టేసేవాళ్ళు, పేడ పేరుకుపోయాక దానికి నిప్పు పెట్టేవాళ్ళు, మళ్ళీ కట్టేవాళ్ళు, మళ్ళీ కాల్చేవాళ్ళు, అలా తరాల తరబడి. పొరల మధ్య ఆవుల గిట్టల గుర్తులు అలానే దొరికాయి. నాలుగున్నర వేల ఏళ్ళ కిందటి గిట్ట గుర్తు! ఎందుకు కాల్చారు అన్నదాని మీద వాదాలున్నాయి, ఆల్చిన్ అయితే మన సంక్రాంతి మంటల్లాంటి పండగలతో పోల్చాడు. హంపి దగ్గర నింబాపురంలో ఇలాంటి దిబ్బనే జనం వాలిని కాల్చిన చోటు అంటారు.

ఇది చదివిన రోజు పులి సీన్ చింపేశా. ఎందుకంటే నాకు ఒక దొడ్డి కనిపించింది, రెండొందల పశువులు కనిపించాయి, ఆ పేడకి ఏ రోజు నిప్పు పెట్టాలో, గాలి ఎటు తిరుగుతుందో చెప్పే మనిషి ఒకరు కావాలి కదా అనిపించింది. ఆ మనిషి ఆడది అయితే? కర్ర పట్టుకుని ఎవర్నీ కొట్టక్కర్లేదు, ఆమె "ఇవాళ కాదు" అంటే ఊరంతా ఆగాలి. నాకు హీరోయిన్ దొరికింది అక్కడే. పేరు కూడా మార్చేశా, అగ్నిజ పోయి రేల అయ్యింది, రేల పూలు తెలుసుగా, ఎండాకాలం పసుప్పచ్చగా వేలాడతాయి.

బలం సంగతికొస్తాను. నేను బలం అంటే బల్లెం అనుకున్నాను, మీరూ అక్కడే ఆగినట్టున్నారు. ఆడవాళ్ళు వేటాడలేదని కాదు, పెరూలో విలామయా పట్‌హా అనే చోట 2018లో తవ్వితే దాదాపు తొమ్మిది వేల ఏళ్ళ కిందటి ఒక టీనేజ్ అమ్మాయి సమాధిలో వేట సామానంతా దొరికింది, కాబట్టి మీ కథకి వేటగత్తె కావాలంటే నిక్షేపంగా రాసుకోండి, ఎవరన్నా నవ్వితే ఇది చెప్పండి. కానీ నన్ను కదిలించింది ఇంకోటి. 2017లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు మధ్య యూరప్‌లో తొలినాటి వ్యవసాయం చేసిన ఆడవాళ్ళ చేతి ఎముకలు, ఇప్పటి పడవ పందేల అమ్మాయిల ఎముకలతో పోల్చి చూశారు. అప్పటివాళ్ళ పై చేతి ఎముకలు 11 నుంచి 16 శాతం ఎక్కువ బలంగా ఉన్నాయట, రోజూ ట్రైనింగ్ చేసే అమ్మాయిల కంటే! ఎందువల్ల అంటే మట్టి పని, పంట కోత, ముఖ్యంగా రోజూ గంటల తరబడి గింజలు నూరడం. వాళ్ళు యూరప్‌వాళ్ళే, కాకపోతే నూరడం ఇక్కడా నూరడమే.

ఇక్కడ కూడా నేనో తప్పు చేశా. రెండో డ్రాఫ్ట్‌లో రేలకి ఇసుర్రాయి ఇచ్చా. గుండ్రంగా తిరిగే ఇసుర్రాయి చాలా తర్వాతి కాలందండీ. కొత్తరాతియుగంలో ఉన్నది పల్లంగా అరిగిన బండ, దాని మీద ముందుకీ వెనక్కీ తోసే రాయి, అంటే మన సన్నికల్లు, పొత్రం లాంటిదే ఇంకాస్త పెద్దది. మా అత్త ఇంట్లో పాత సన్నికల్లు ఉంది, అండుకొర్రలు తీసుకెళ్ళా (దక్షిణాదిలో అప్పట్లో పండించిన వాటిలో అండుకొర్రలు, పెసలు, ఉలవలు ఉన్నాయి, వరి కాదు), మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టా. పది నిమిషాలు బానే ఉంది. పావుగంటకి మణికట్లు పోయాయి. మా అత్త గడప మీద కూర్చుని చూస్తా "చేతుల్తో కాదు మే, నడుముతో తొయ్యల్ల" అనింది. ముప్పావు గంటకి అర గ్లాసు పిండి వచ్చింది, అందులోనూ సగం రవ్వ. అవి షాపులో కొన్న పొట్టు తీసిన గింజలు, పొట్టు దంచడం కూడా నేనే చేసుంటే ఆ రోజు అన్నం లేదు. ఇంట్లో ఆరుగురుంటే ఆరుగురికీ రోజూ!

ఆ సాయంత్రం చెయ్యి పైకెత్తలేక జడ కూడా మా అత్త చేతే వేయించుకున్నా, అప్పుడు రాసిన చాప్టర్‌ని మూడో డ్రాఫ్ట్‌లో ఒక్క ముక్క కూడా మార్చలేదు.

ఒక ఎడిటర్‌కి చూపిస్తే "హీరోయిన్ ఏం ఫైట్ చెయ్యదా?" అన్నారు. అలాగే ఇంకొకరు "ఆ కాలం అంతా ఆడవాళ్ళ రాజ్యమే కదా, అలా రాయండి" అన్నారు. రెండూ వద్దనే నా అభిప్రాయం. మాతృస్వామ్యం అని గట్టిగా చెప్పడానికి మన దిబ్బల్లో ఆధారం లేదు, మట్టి బొమ్మలు చూస్తే మూపురం ఎద్దులు మనల్ని చూసి నవ్వుతుంటాయి. ఆడవాళ్ళందరూ రాణులైతే రేల మాట నెగ్గడంలో కష్టమేముంది, చదివేవాళ్ళకి టెన్షన్ ఏముంటుంది. నా కథలో ఆమె మేనమామకి ఆమె మాట నచ్చదు, ఆయన వెధవ కూడా కాదు, ఆయన చెప్పేదాంట్లోనూ న్యాయం ఉంటుంది.

భాష సంగతి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. "కత్తిలాంటి చూపు" రాయలేరు, లోహం లేదు. "నిమిషంలో" అనలేరు, "అద్దంలా" అనలేరు, "ఇనుప గుండె" అసలే కుదరదు. నేను ఒక నోట్‌బుక్‌లో ఇలాంటివి రాసుకుని ఒక్కొక్కటి కొట్టేస్తూ వచ్చా, నిమిషం బదులు "పాలు పొంగేలోపు", కత్తి బదులు "చెకుముకి పెచ్చు". ఇక మర్యాద. ఊరి పెద్ద ముసలామెని "అవ్వగారు చెప్పారు" అని రాస్తే టీవీ సీరియల్ అయిపోయింది, "అవ్వ చెప్పింది" అంటే సరిగ్గా కూర్చుంది. మీరు, గారు అన్నీ తీసేసి అందరిచేతా నువ్వు అనిపించా, గౌరవం చూపించాల్సి వస్తే పక్కవాళ్ళు నూరడం ఆపి వింటారు, అంతే. ఇది కుదిరాక డైలాగులు వాటంతటవే వచ్చాయి.

మీరు "ఆమె బలం ఎక్కడ చూపించాలి" అని కూడా అడిగారు. నాకు దొరికిన చోటు చెప్తాను. ఆ కాలం ఊళ్ళలో పెద్దవాళ్ళని నేలలో పడుకోబెట్టి పూడ్చేవాళ్ళు, పసిపిల్లలు పోతే కుండలో పెట్టి, చాలాసార్లు ఇంటి నేల కిందనే పూడ్చుకునేవాళ్ళు. మన నాగార్జునకొండలో, బళ్ళారి వైపు తెక్కలకోటలో అలాంటి కుండలు దొరికాయి. అది చదివి రెండు రోజులు ఏమీ రాయలేకపోయా, నాకూ పిల్లలున్నారు.

రేల కూతురు ఆ కుండలో ఉంది. రెండేళ్ళు వాన లేదు, మంద బతకాలంటే ఊరు కదలాలి, కదలాలని చెప్పాల్సింది గాలి చూసే రేల ఒక్కతే. ఆమె మూడు రోజులు ఏమీ చెప్పదు. నాలుగో రోజు తెల్లారకముందే లేచి, ఎప్పటిలా బండ ముందు మోకాళ్ళ మీద కూర్చుని గింజలు నూరుతుంది, మామూలుగా నూరేదానికి రెండింతలు, దారికి సరిపడా. ఆ చప్పుడు విని జనం ఒక్కొక్కరే లేచి సామాన్లు కట్టుకోవడం మొదలుపెడతారు. ఆ సీన్‌లో ఆమెకి ఒక్క డైలాగు కూడా లేదు, దాన్ని మాత్రం పదకొండు సార్లు తిరగరాశాను.