నదీతీరపు పని తోటపని కాదు

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బీ.ఆర్క్ చివరి సంవత్సరం చదువుతోంది. నదీతీరాల్లో, చెరువుగట్లపై ప్రజల కోసం పార్కులు, నడకదారులు రూపొందిస్తానని, అందుకోసం ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో పీజీ చేస్తానని పట్టుబడుతోంది. తోటపనికి ఇన్నేళ్ల చదువెందుకని నా అభిప్రాయం. అంతగా కావాలంటే అప్పు చేసైనా విదేశంలో అర్బన్ డిజైన్ చదివిద్దామనుకుంటున్నాను. ఏది మేలు?

జవాబు: అయ్యా, కోర్సు పేరు మారుతుందే గాని ఈ ఉత్తరం నాకు ఏటా వస్తూనే ఉంటుంది. పిల్లకు నెల జీతం వస్తుందా, బంధువులు అడిగితే ఏమని చెప్పుకోవాలి అన్నదే అందులోని అసలు బెంగ. బీ.ఆర్క్ పూర్తిచేసి ఆర్కిటెక్టుల నమోదు చూసే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేయించుకున్నాక, పీజీ ఏ విభాగంలో చేసినా ఆమె ఆర్కిటెక్టే; భవనాలు గీసే దారి మూసుకుపోదు. మొదటి కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ స్థాయి జీతం రాదన్నది మాత్రం నిజం, దాన్ని దాచను.

విజయవాడలో ఉంటూ మీరు దీన్ని తోటపని అనడం నాకు నచ్చలేదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. అదే రోజుల్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ నీట మునిగింది. అలాంటి నీటి పక్కన ఏ మెట్టు మునిగినా ఫరవాలేదు, ఏది మునగకూడదు, వరద తీశాక మేట వేసిన ఒండ్రును ఎవరు ఎలా ఎత్తిపోస్తారు, ఏ చెట్టు వేళ్లు వారం రోజుల ముంపును తట్టుకుంటాయి, ఘాట్‌లోకి దిగే దారీ బయటికి వచ్చే దారీ విడివిడిగా ఉన్నాయా అని ఆలోచించడమే ఆమె కోరుకుంటున్న పని. 2015 గోదావరి పుష్కరాల తొలిరోజున రాజమండ్రి ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ సంగతి గుర్తుచేసుకున్నాకైనా మీ మాట వెనక్కి తీసుకోండి.

నాకున్న అనుమానం వేరే ఉంది. ఇప్పుడు ప్రతి నగరమూ అహ్మదాబాద్‌లోని సబర్మతి నదీతీరం లాంటిది తనకూ ఒకటి కావాలంటోంది. అక్కడ రెండు ఒడ్డుల వెంట దాదాపు 11 కిలోమీటర్ల చొప్పున తీరం జనానికి అందుబాటులోకి వచ్చిందంటే మంచిదే. అయితే అక్కడ నదిని గోడల మధ్య సుమారు 263 మీటర్ల ఒకే వెడల్పుకు కుదించారు, నిండుగా కనిపించే నీరు నర్మద కాలువది, ఒడ్డున బతికిన వేల కుటుంబాలు ఊరి చివరలకు తరలిపోవలసి వచ్చింది. 2024లో హైదరాబాద్‌లో మూసీ ఒడ్డు ఇళ్లపై అధికారులు తొలగింపు గుర్తులు వేసినప్పుడు ఇదే పేచీ మన గుమ్మంలోకి వచ్చింది. సింగపూర్ బిషన్ పార్కులో దీనికి విరుద్ధంగా, 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను పగలగొట్టి కల్లాంగ్ నదిని మళ్లీ వంపుల ఏరుగా పారనిచ్చారు. పెద్ద వాన కురిస్తే పార్కులో కొంత మునుగుతుంది, మునగాలనే దాన్ని అలా తీర్చారు. ఈ రెండు రకాల పనులకూ కట్టకముందు గీసే రంగుల బొమ్మలు ఒకేలా ముచ్చటగా ఉంటాయి. కొత్తగా చేరినవారితో కన్సల్టెన్సీలు గీయించేది తరచుగా ఆ బొమ్మలనే. ప్రభుత్వం మారితే అవి బీరువాలోకి చేరతాయి. మీ అమ్మాయిని ఆకర్షించింది నది పనా, ఆ బొమ్మలా అన్నది ఆమె తేల్చుకోవాలి.

పోలిక అడిగారు గనుక చెబుతాను. అర్బన్ డిజైన్ భవనాలకూ వీధులకూ ఉన్న పొందికను చూస్తుంది. మట్టి, వాలు, నీరు, మొక్క ల్యాండ్‌స్కేప్ వారి చేతిలో ఉంటాయి. ఆమె కోరికకు రెండోదే దగ్గర. ఆ కోర్సు మీ ఊరి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనే ఉంది. ఢిల్లీలో, అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయంలో కూడా ఉంది. ఏడాదిలో చాలా నెలలు ఇసుక తేలి, కొద్ది వారాల్లోనే ఉప్పొంగే మన నదుల స్వభావాన్ని ఇక్కడ నేర్చుకోవడమే తేలిక. అప్పుచేసి విదేశానికి పంపే ఆలోచన, ఆమె రెండేళ్లు పనిచేసి తానే అడిగేదాకా పక్కన పెట్టండి.

దరఖాస్తుకు ముందు ఆమెను ఒక పని చేయమనండి. కృష్ణలంకలో వరదను ఆపే రిటైనింగ్ వాల్ నుంచి నీటి అంచు దాకా నేలను కొలిచి, వేసవి మట్టాన్నీ 2024 వరద మట్టాన్నీ చూపే ఒక్క సెక్షన్ డ్రాయింగ్, అంటే నేలను నిలువునా కోసినట్టు చూపే బొమ్మ, గీయమనండి. టేపు రెండో కొస పట్టుకోవడానికి మీరూ వెళ్లండి.