మీడియం వేవ్‌ను చంపింది చవక బల్బు

మీడియం వేవ్ రేడియో స్టేషన్లు ఎందుకు మూతపడుతున్నాయి, వినేవాళ్లు లేకపోవడమే కారణమా అన్నది ప్రశ్న. టీవీ వచ్చింది, ఎఫ్‌ఎం వచ్చింది, సెల్‌ఫోను వచ్చింది, అందుకే జనం రేడియో మానేశారని ఎవరిని అడిగినా చెబుతారు. నేను ఒప్పుకోను. జనానికి వినబడకుండా పోయింది కాబట్టి మానేశారు. వినబడకుండా చేసినవి చవక రకం ఎల్ఈడీ బల్బు, ఫోను చార్జరు, టీవీ డబ్బా అడాప్టరు.

కందుకూరులో మాది రేడియో రిపేరు కొట్టు. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ సెట్ల వెనక అట్ట విప్పి, స్టేషను మార్చే గ్యాంగ్ కండెన్సరు దుమ్ము దులిపి, ముల్లును కదిపే దారం తెగితే కొత్తది కట్టి సంసారం నడిపిన మా నాన్న దగ్గర పని నేర్చుకున్నాను. ఇప్పుడు అదే కొట్టులో బల్బులు, స్విచ్చులు అమ్ముతున్నాను. హతుడూ నాకు చుట్టమే, హంతకుడూ చుట్టమే. అందుకని నా సాక్ష్యానికి కాస్త విలువ ఉంటుంది.

మా పేటలో రిటైరైన తెలుగు మాస్టారు ఒకరున్నారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం, 837 కిలోహెర్ట్జ్, ఆయనకు నిత్యపూజ లాంటిది. బాలమురళీకృష్ణ భక్తిరంజని దగ్గర నుంచి ఉషశ్రీ ధర్మసందేహాల దాకా ఆయనకు చెవిలోనే ఉన్నాయి. ఆయన ట్రాన్సిస్టరు ఒకసారి నా దగ్గరకు వచ్చింది. వాల్యూము కంట్రోలు మార్చి, స్టేషన్లను విడదీసే ఐఎఫ్ కాయిళ్లు సరిచూసి ఇచ్చాను. కొట్టులో పాడించి చూపించాను కూడా, ఆ సమయానికి కరెంటు లేదు. మర్నాడు పొద్దున్నే సెట్టు చంకలో పెట్టుకొని వచ్చారు.

"ఏమోయ్, బాగుచేశానన్నావు. ఇంటికి తీసుకెళ్తే విజయవాడ బదులు కందిరీగలు పాడుతున్నాయి."

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. నిజమే, ముల్లు ఎక్కడ పెట్టినా ఒకటే రొద. మెయిన్ ఆపుతానంటే లోపల్నుంచి కోడలుగారు, "ఒక్క పది నిమిషాలు ఆగండి, గ్రైండరులో పిండి ఉంది" అన్నారు. పిండి అయ్యాక మెయిన్ దించాను. రొద సగానికి తగ్గింది. మళ్లీ ఎత్తి ఒక్కొక్క స్విచ్చే వేస్తూ పోయాను. ఫ్యాను అమాయకురాలు. పాత చోకు ట్యూబులైటు వెలిగేటప్పుడు ఒకసారి దగ్గి ఊరుకుంది. మెట్ల మీది ఎల్ఈడీ బల్బు వేయగానే రేడియో ఏడుపు అందుకుంది. టీవీ పక్కనున్న అడాప్టరు పెడితే అసలు స్టేషనే లేదు.

కారణం చెబుతాను. పాత గుండు బల్బులో తీగ వేడెక్కి వెలుగుతుంది, అంతకు మించి దానికి వేరే పని లేదు. ఎల్ఈడీ బల్బులోనూ చార్జరులోనూ ఉన్న చిన్న సర్క్యూటు కరెంటును సెకనుకు వేల సార్లు కోసి కోసి పంపిస్తుంది. ఆ కోతల చప్పుడు రెట్లు రెట్లుగా పైకి పాకి సరిగ్గా 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ మధ్య, అంటే మన మీడియం వేవ్ బ్యాండు నిండా పరుచుకుంటుంది. ఇంటి వైరింగే దానికి ఏరియల్. దీన్ని అడ్డుకునే ఫిల్టరులో ఉండేవి ఒక చిన్న కాయిలు, ఒకటి రెండు కండెన్సర్లు. చవకగా అమ్మాలనుకునే వాడు మొట్టమొదట ఎగరగొట్టేది వాటినే. ఫిల్టరు లేకపోయినా బల్బు వెలుగుతుంది కదా! కొనేవాడికి తేడా తెలియదు. ఎఫ్‌ఎంకు ఈ బాధ తక్కువ. మీడియం వేవ్ వాడే ఏఎం పద్ధతిలో పాటంతా తరంగం ఎత్తుపల్లాల్లోనే ఉంటుంది, రొద కూడా అక్కడే కూర్చుంటుంది. ఎఫ్‌ఎం సెట్టు ఆ ఎత్తుపల్లాలను కత్తిరించి పారేసి, తరంగం ఊగే వేగంలో వచ్చే మార్పును మాత్రమే తీసుకుంటుంది.

సరే, మాస్టారి ఇంట్లో అన్నీ ఆపినా సగం రొద మిగిలే ఉంది. అంటే ఇంకో దొంగ బయట ఉన్నాడు. ట్రాన్సిస్టరు లోపల ఏరియల్‌గా ఉండే ఫెర్రైటు కడ్డీకి దిక్కు తెలుస్తుంది. సెట్టును మెల్లగా తిప్పుతుంటే ఒక వైపున చప్పుడు బాగా పెరుగుతుంది, ఒక చోట దాదాపు మాయమవుతుంది. మాయమైన చోట కడ్డీ కొన ఎటు చూస్తోందో దొంగ అటు ఉన్నట్టు. అలా తిప్పుకుంటూ వీధిలోకి దిగాను. వెనక మాస్టారు, ఆయన వెనక ఆడుకోవడం మానేసి వచ్చిన పిల్లలు. నాలుగిళ్ల అవతల కొత్తగా కట్టిన మేడ, పిట్టగోడ పొడవునా దీపాల తోరణం. గేటు దగ్గరికి పోయేసరికి సెట్టు చెవులు చిల్లులు పడేలా అరిచింది. (ఆ తోరణం మా కొట్టులో కొన్నది కాదు, ముందే చెబుతున్నాను.)

ఇంటాయన బయటికి వచ్చి విషయం విని ఆశ్చర్యపోయి, "రేడియో ఇంకా వస్తోందా అండీ?" అన్నారు.

ఆ ఇంట్లో ఎలా వస్తుంది? పాపం, మంచివాడే, వెళ్లి స్విచ్చు ఆపారు. రొద ఆగిపోయి, మాస్టారి చేతిలోంచి ఎవరో వ్యవసాయ అధికారి కందిలో కాయతొలుచు పురుగు గురించి తీరిగ్గా మాట్లాడుతున్నారు. నూట యాభై కిలోమీటర్లకు పైగా దూరం నుంచి వచ్చిన గొంతు అంత స్పష్టంగా ఉంది. ఇంటాయన గేటు పట్టుకొని అలాగే నిలబడి విన్నారు. ఇది ఏ స్టేషను అని అడిగారు. మేం వీధి మలుపు తిరగకముందే తోరణం మళ్లీ వెలిగింది. ఆయన్ను నేనేమీ అనను. ఇంటి దీపాలు ఆయన ఇష్టం.

మనవడు మాస్టారి ఫోనులో ఆకాశవాణి యాప్ వేసిచ్చాడు. మూడు రోజులు కూడా ఓపిక పట్టలేదాయన. వార్తలకు ముందు వచ్చే టైము చప్పుళ్లకు గోడగడియారం సరిచేసుకోవడం ఆయన అలవాటు. యాప్‌లో ఆ చప్పుళ్లు వెనకబడి వస్తాయి. "గడియారం తప్పేలా చేసే రేడియో కూడా ఒక రేడియోనా" అని ఫోను మనవడికే ఇచ్చేశారు. ఇప్పుడు బ్యాటరీ సెల్లులు వేసుకొని డాబా మధ్యలో కుర్చీ వేసుకొని వింటున్నారు. వైర్లకు దూరంగా వెళితే రొద చాలా తగ్గుతుంది.

ఇలాంటి వీధులు దేశం నిండా ఉన్నాయి. అవతల ఆకాశవాణి లెక్క వేరుగా ఉంటుంది, అది నాకు తెలియక కాదు. విజయవాడలా వంద కిలోవాట్లు గాలిలోకి పంపాలంటే పాత వాల్వు ట్రాన్స్‌మిటరు అంతకు రెట్టింపుకు పైగా కరెంటు తాగుతుంది. విజయవాడ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు, అందులో పావు వంతు ఎత్తు స్తంభమైనా కావాలి, అంటే దాదాపు 90 మీటర్లు. దాని చుట్టూ నేలలో రాగి తీగలు పాతాలి, అందుకు ఎకరాల కొద్దీ స్థలం కావాలి. ఊరు పెరిగాక ఆ స్థలం విలువ స్టేషను కన్నా ఎక్కువవుతుంది. ఇంత ఖర్చు పెట్టి పంపిన పాట వీధి చివర తోరణం దగ్గర చచ్చిపోతుంటే ఏ అధికారి మాత్రం ఎన్నాళ్లు నడుపుతాడు? నాగ్‌పూర్ నుంచి 1566 కిలోహెర్ట్జ్ మీద మెగావాట్ శక్తితో రాత్రంతా దేశమంతటికీ వినిపించిన నేషనల్ చానల్‌ను 2019 జనవరిలో ఆపేశారు. రాత్రి కాపలా వాళ్లకు, లారీ డ్రైవర్లకు అది తోడు. వాళ్లను ఎవరైనా అడిగారా?

దాని బదులు ఏమిచ్చారు? 2023 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి ఒకేసారి 91 ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లు ప్రారంభించారు. మంచిదే. కానీ ఒక్కొక్కటి వంద వాట్లు. మొత్తం 91 కలిపినా 9.1 కిలోవాట్లు, విజయవాడ ఒక్కదానిలో పదో వంతు కూడా కాదు. ఎఫ్‌ఎం చూపు ఆనినంత మేరే పోతుంది, మీడియం వేవ్ నేలను పట్టుకొని పాకుతుంది, చీకటి పడితే ఆకాశానికి కొట్టుకొని ఇంకా దూరం దూకుతుంది. నా చిన్నతనంలో రాత్రిపూట ముల్లు కొంచెం జరిపితే మద్రాసు, హైదరాబాదు వరసగా వచ్చేవి.

ఇంకో వైద్యం డీఆర్ఎం, అంటే మీడియం వేవ్ మీదే డిజిటల్ ప్రసారం. ఆకాశవాణి 35 మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను అందుకు సిద్ధం చేసింది. మరి వినే సెట్టు ఏది? కొన్ని కొత్త కార్లలో ఉంది. మా కొట్టుకు వచ్చి "డీఆర్ఎం రేడియో ఉందా" అని అడిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు, అమ్మజూపిన ఏజెంటునూ చూడలేదు.

ఇది మన దగ్గరి గోల మాత్రమే అనుకోకండి. జర్మనీలో రేడియో సంస్థ డాయిచ్‌లాండ్‌ఫంక్ 2015 చివరి రోజున మీడియం వేవ్ ఆపేసింది. కెనడాలో బెల్ మీడియా 2023లో ఒక్కసారే ఆరు ఏఎం స్టేషన్లకు తాళం వేసింది. అమెరికాలో జరిగింది చూస్తే నా మాట నిజమని మీరే అంటారు. విద్యుత్ కార్ల మోటారు రొద ఏఎంను పాడుచేస్తోందని టెస్లా, బీఎండబ్ల్యూ లాంటి కంపెనీలు ఆ కార్లలోంచి ఏఎం రేడియోనే తీసేశాయి. రొద చేసేది మోటారు, ఇంట్లోంచి వెళ్లగొట్టింది రేడియోను! ఫోర్డు కూడా ఆ దారి పట్టబోయి, గొడవయ్యాక 2023 మేలో వెనక్కి తగ్గింది.

వచ్చాను కాబట్టి ఇంకొక్క కడుపుమంట. ఎఫ్‌ఎం ఉందిగా అనే వాళ్లు ప్రైవేటు ఎఫ్‌ఎంలో స్థానిక వార్త ఒక్కటి విని చూపించండి. వాళ్లకు సొంత వార్తలు చదివే అనుమతే లేదు, ఆకాశవాణి బులెటిన్‌ను యథాతథంగా వేసుకోవాలి. అధికారులు ప్రకటన ఇస్తే తప్ప మా చెరువు కట్ట తెగిందని వాళ్లు సొంతంగా చెప్పలేరు, సినిమా హీరో పుట్టినరోజు మాత్రం పది రోజుల ముందు నుంచే చెబుతారు. ఫోన్లలో ఎఫ్‌ఎం ఎనేబుల్ చేసి ఉంచండని 2023లో కేంద్రమే కంపెనీలకు సూచించాల్సి వచ్చింది, అదీ పరిస్థితి.

మీడియం వేవ్ అవసరం ఇంకా ఉందా అంటారా? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో ఫోన్లు పనిచేయక బంధువుల క్షేమం తెలియని వాళ్లను అడగండి. సెల్ టవరుకు కరెంటు కావాలి, దాని వెనక లైన్లు కావాలి, అలాంటివి ఊరూరా నిలబడాలి. మీడియం వేవ్‌కు దూరంగా కరెంటు ఉన్న చోట ఒక్క స్తంభం నిలబడితే చాలు, ఇవతల చేతిలో రెండు సెల్లులుంటే చాలు. పైగా తుఫాను రోజున ఊళ్లో బల్బులన్నీ ఆరిపోయి ఉంటాయి, కాబట్టి అప్పుడు వినబడినంత బాగా మామూలు రోజుల్లో వినబడదు.

ఈ జవాబు చదివి ఎవరైనా సెట్టు కొందామనుకుంటే, లోపల ఫెర్రైటు కడ్డీ పొడవుగా ఉన్నది చూసుకోండి, అడాప్టరుతో కాకుండా సెల్లులతో నడపండి. కొనే ముందు కొట్టు లోపల పాడించి చూసి బాగాలేదని పక్కన పెట్టకండి. మా కొట్టులోనే అయినా సరే, బయట రోడ్డు మీదికి తెచ్చి వినండి.