కుర్చీకీ కూర్చోవడానికీ చుట్టరికం ఉందా?

సందేహం: అమెరికాలో మా అబ్బాయి ఇంటి పెరట్లో చెక్క బద్దలతో చేసిన వెడల్పాటి కుర్చీలున్నాయి. వాటిని ‘అడిరాండాక్’ కుర్చీలంటారట. అర్థమేమిటి? తెలుగులో ‘బహిరాసనం’ అనవచ్చా? కూర్చోవడంలోంచే కుర్చీ పుట్టింది గనుక ఆ మాట వదలాలన్నా మనసొప్పడం లేదు. (ఒక పాఠకురాలు)

సమాధానం: అడిరాండాక్ న్యూయార్క్ రాష్ట్రంలో ఈశాన్యాన ఉన్న కొండల పేరు. అక్కడి ఆదివాసుల మోహాక్ భాషలో ‘చెట్లు తినేవాళ్లు’ అని అర్థం చెబుతారు. చలికాలంలో తిండి దొరక్క బెరడు నములుతారని పొరుగు తెగలవాళ్లను వెక్కిరించిన మాట. 1838లో ఎబెనీజర్ ఎమన్స్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు దాన్ని కొండలకు పెట్టాడు. కుర్చీని 1903లో థామస్ లీ అనే ఆయన ఆ కొండల ప్రాంతంలోని వెస్ట్‌పోర్ట్‌లో ఉన్న తన వేసవి విడిదికోసం చేసుకున్నాడు. పేటెంటు మాత్రం 1905లో అతని మిత్రుడు, వడ్రంగి హ్యారీ బన్నెల్ పుచ్చుకున్నాడు. కెనడాలో దీన్నే మస్కోకా కుర్చీ అంటారు.

అవన్నీ అలా ఉంచండి. మీ ఆఖరి వాక్యం దగ్గర నా కలం ఆగిపోయింది. కుర్చీ కూర్చోవడంలోంచి పుట్టలేదమ్మా! ఈ మధ్య ఎవరికి తోచిన వ్యుత్పత్తి వాళ్లు వాట్సాప్‌లో తిప్పేస్తున్నారు. చెవికి ఒకేలా వినిపిస్తే చాలు, చుట్టరికం కలిపేయడమే. ‘కూర్చుండు’లో కూ దీర్ఘం, కుర్చీలో కు హ్రస్వం. పైగా చివర ఆ ‘చీ’ చూడండి. తెలుగు నామాలు మామూలుగా హ్రస్వంతో ముగుస్తాయి. సంస్కృత ‘నదీ’ని కూడా ‘నది’ చేసుకున్నవాళ్లం. హామీ, నౌకరీ, కచేరీ లాంటి దీర్ఘాంతం కనబడితే ఎక్కడినుంచి వచ్చావని అడగాల్సిందే.

ఇది అరబ్బీ ‘కుర్సీ’. ఖురాన్‌లో ‘ఆయతుల్ కుర్సీ’ అనే ప్రసిద్ధ వాక్యం ఉంది. అక్కడ కుర్సీ అంటే దైవపీఠం. అరబ్బీకి అది పశ్చిమాసియా ప్రాచీన భాష అరమాయిక్ నుంచి, దానికి మెసొపొటేమియాలోని అక్కాడియన్ ‘కుస్సూ’ నుంచి వచ్చింది. రాజుల సింహాసనం పారశీకం, ఉర్దూల మీదుగా మన వసారాలో నాలుగు కాళ్లతో దిగింది! తెలంగాణలో ఇప్పటికీ చాలామంది ‘కుర్సీ’ అనే అంటారు. దాన్ని తప్పని దిద్దేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, మూలానికి దగ్గరగా ఉన్నది వాళ్లే. సకారం చకారమెలా అయిందంటారా? మరాఠీలో ‘ఖుర్చీ’, కన్నడంలో ‘కుర్చి’ ఉన్నాయి గనుక ఆ దారిన వచ్చిందేమో, గట్టిగా చెప్పను.

ఇక బహిరాసనం. సంధి తప్పు లేదు, కానీ వింటే యోగాసనం అనుకుంటారు. పడక కుర్చీ అంటే మనకు గుడ్డ సాగదీసి కట్టినదే గుర్తొస్తుంది. ‘బద్దల కుర్చీ’ నాకు నచ్చింది, కాకపోతే విరిగిన కుర్చీ అనుకుని ఎవరూ కూర్చోరు. మంచి మాట దొరికేవరకూ అడిరాండాక్ కుర్చీ అనే రాసుకోండి. ‘చైర్’ అని మాత్రం రాయకండి.