గడ్డకట్టే చలిలో ట్రెయిల్ కెమెరా రాత్రి ఫోటోలు తీయకపోతే

మీరడిగింది ఇదీ: అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ శివార్లలో ఇంటి వెనక అడవి అంచున కట్టిన ట్రెయిల్ కెమెరా (ఎదురుగా జంతువు కదిలితే దానంతటదే ఫోటో తీసేది) అక్టోబర్ దాకా బాగా పనిచేసింది. ఇప్పుడు పగటి ఫోటోలు వస్తున్నాయి, రాత్రివి రావట్లేదు, వచ్చినా నల్లగా ఉంటున్నాయి. బ్యాటరీ మాత్రం సగానికి పైనే చూపిస్తోంది. కొత్త కెమెరా కొనాలా?

అప్పుడే కొనకండి. నేనూ మిన్నెసోటాలోనే, మీకంటే ఇంకాస్త చలి ఎక్కువుండే బెమిడ్జీ వైపు ఉంటాను. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే తొంభై పాళ్ళు సెల్స్ గొడవే. పగటి ఫోటోకి పెద్దగా కరెంటు అక్కర్లేదు. రాత్రయితే ఫ్లాష్‌గా వెలిగే ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని వెలుగు) ఎల్‌ఈడీలు ఒక్కసారిగా బోలెడు లాగుతాయి. ఆల్కలైన్ సెల్ లోపలి రసాయనం నీళ్ళతో చేసింది, చలికి అందులో చర్య మందగిస్తుంది. ఎల్‌ఈడీలు వెలగబోయే క్షణానికి వోల్టేజీ దభేల్న పడిపోతుంది. తెల్లారి కాస్త ఎండ తగిలితే అవే సెల్స్ ఏమీ ఎరగనట్టు మళ్ళీ పనిచేస్తాయి. అందుకే బ్యాటరీ మీటర్ చూసి మోసపోతాం.

అనుమానం తీరాలంటే అవే సెల్స్‌తో కెమెరాని ఇంట్లో చీకటి గదిలో పెట్టి దాని ముందు నడవండి. ఫోటో శుభ్రంగా వస్తే కెమెరా తప్పేమీ లేదు. కానీ లోపలికి తెచ్చేముందు, బయట ఉండగానే జిప్‌లాక్ కవర్లో పెట్టి మూసేయండి, గది వేడికి వచ్చాక తీయండి. లేకపోతే ఇంట్లో గాలిలోని తేమంతా చల్లటి లెన్స్ మీదా లోపలి బోర్డు మీదా నీరై కూర్చుంటుంది. దాన్ని అలాగే మళ్ళీ చలిలోకి తీసుకెళ్తే ఆ నీరు గడ్డకడుతుంది. చలికంటే ఈ తేమే ఎక్కువ కెమెరాలని తింటుందని నా అభిప్రాయం.

సెల్స్ విషయానికొస్తే, లిథియం ఏఏ కొనండి. రీఛార్జ్ చేసేవి కాదు, ఒకసారి వాడి పారేసేవి. వాటిలో నీళ్ళుండవు, మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేస్తాయని కంపెనీ వాళ్ళే రాస్తారు. ఖరీదే, కానీ కెమెరా మీద పెట్టే అదనపు వంద డాలర్ల కంటే ఇక్కడ పెట్టే ముప్పై డాలర్లు బాగా పనికొస్తాయి. ఒక తిరకాసుంది: వీటి వోల్టేజీ చివరిదాకా దాదాపు ఒకేలా ఉండి ఒక్కసారిగా పోతుంది. మీటర్ నిండుగా ఉందని ధీమాగా ఉండొద్దు. నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ ముందు కొత్తవి వేసేస్తే సాధారణంగా ఆ శీతాకాలం గడిచిపోతుంది, వీడియో మోడ్‌లో పెడితే మాత్రం చెప్పలేం. ఇంకో జాగ్రత్త, 14500 అని రాసి ఉన్న సెల్ కూడా చూడ్డానికి ఏఏలాగే ఉంటుంది. అది 3.7 వోల్టులది, పెడితే కెమెరా కాలిపోవచ్చు.

సోలార్ ప్యానెల్ సంగతి కూడా అడుగుతారేమో. మన దగ్గర డిసెంబర్ చివర్లో పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు, ప్యానెల్ మీద స్నో పేరుకుంటుంది. పైగా అలాంటి ప్యానెళ్ళతో మామూలుగా వచ్చే, రీఛార్జ్ చేసే లిథియం అయాన్ బ్యాటరీని సున్నా డిగ్రీల సెల్సియస్ కింద ఛార్జ్ చేస్తే అది పాడవుతుంది. ఏప్రిల్‌లో చూసుకోవచ్చు.

జంతువు వచ్చిందని కనిపెట్టే సెన్సార్‌కి మాత్రం చలి మేలే చేస్తుంది. అది పసిగట్టేది జంతువు వేడికీ వెనకున్న నేల వేడికీ మధ్య తేడాని. నల్లమలలో మే నెల మధ్యాహ్నం బండరాళ్ళు కాలిపోతుంటే ఆ తేడా దాదాపు చెరిగిపోతుంది, ఇక్కడ దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. కాకపోతే చలికాలపు జింకకి బొచ్చు ఎంత మందంగా ఉంటుందంటే వీపు మీద పడ్డ మంచు కరగదు. బయటికి వేడి కనిపించేది ముఖం దగ్గరా కాళ్ళ దగ్గరానే. అందుకని కెమెరాని దారికి ఎదురుగా కాకుండా ఏటవాలుగా కట్టండి, జంతువు అడ్డంగా నడిచివెళ్తే సెన్సార్ త్వరగా పట్టుకుంటుంది.

ఉత్తరానికి తిప్పి పెట్టండి. చలికాలం సూర్యుడు దక్షిణాన బాగా కిందుగా ఉంటాడు, స్నో మీద పడ్డ ఎండ నేరుగా లెన్స్‌లోకి కొడుతుంది. మోకాలెత్తున కడితే జనవరికల్లా పూడిపోతుంది, డులూత్‌లో ఏడాదికి సగటున ఏడడుగులకు పైగా స్నో పడుతుంది మరి. ఛాతీ ఎత్తున కట్టి, వెనక పైభాగంలో చిన్న పుల్ల దూర్చి కిందికి వంచండి. రాత్రి ఫోటోలు తెల్లగా మండిపోతుంటే ఫ్లాష్ తగ్గించండి. ఎదురుగా స్ప్రూస్ (సూదుల్లాంటి ఆకులుండే చెట్టు) కొమ్మ లేకుండా చూసుకోవాలి. మంచు బరువుకి అది ఫ్రేములోకి వంగుతుంది, బరువు జారగానే పైకి లేస్తుంది, అలా ఒక్క పూటలో కార్డు నిండా ఖాళీ ఫోటోలు.

కార్డు మార్చడానికి కెమెరాని ఇంటికి తేవద్దు, రెండో కార్డు జేబులో వేసుకెళ్ళండి. మూత తెరిచాక నేను తలమీది టోపీ తీసి కెమెరా కింద పట్టుకుంటాను. కొంకర్లు పోయిన వేళ్ళలోంచి గోరంత కార్డు జారి స్నోలో పడితే ఇక దొరకదు. లెన్స్ మీదకి ఊపిరి వదలొద్దు, వెంటనే పొరలా గడ్డకడుతుంది. మెత్తటి పొడి బ్రష్ వాడండి. మూత చుట్టూ ఉండే రబ్బరుకి స్నో రేణువులు అంటుకుంటే సరిగ్గా మూసుకోదు, దాన్నీ తుడవండి.

కెమెరా దగ్గరకి ఎప్పుడూ ఒకే దారిలో వెళ్ళండి. మీ స్నోషూస్ (స్నోలో కూరుకుపోకుండా బూట్లకి కట్టుకునే వెడల్పాటి చట్రాలు) గట్టిపరిచిన బాటనే నక్కలూ, తోడేలు జాతికి చెందిన కొయోటీలూ వాడుకుంటాయి, లోతు స్నోలో పడి నడవడం వాటికీ కష్టమే. జింకలు వస్తాయని మొక్కజొన్న మాత్రం పోయకండి. చలికాలంలో పుల్లలూ బెరడూ తినే కడుపుకి ఒక్కసారిగా అంత పిండిపదార్థం పడితే చచ్చిపోతాయి కూడా. జింకల మెదడుని తినేసే సీడబ్ల్యూడీ అనే అంటుజబ్బు కారణంగా రాష్ట్రంలో చాలా కౌంటీల్లో జింకలకి మేత పెట్టడం నిషేధం. మీ కౌంటీ ఆ జాబితాలో ఉందో లేదో డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) వెబ్‌సైటులో చూసుకోండి.