కాణిపాకంలో రెండు పేర్లు

జుంపా లాహిరి ‘ది నేమ్‌సేక్’ చదివితే అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల బాధ అర్థమవుతుందా అని అడిగారు. అవుతుంది. కానీ సినిమా చూసి నవల చదివినట్టు జవాబులు రాసేవాళ్లని నమ్మొద్దు. మీరా నాయర్ 2006లో తీసిన సినిమాలో బోస్టన్ కాస్తా న్యూయార్క్ అయిపోయింది. టబు బాగా చేసింది, కాదనను.

నన్నయితే మొదటి పేజీయే పట్టేసింది. కలకత్తా నుంచి వచ్చిన అషిమా నిండు నెలలతో వంటింట్లో నిలబడి రైస్ క్రిస్పీస్‌లో (అక్కడివాళ్లు పాలల్లో వేసుకుతినే బొరుగుల్లాంటివి) వేరుశనగలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలుపుతూ ఉంటుంది. ఆవనూనె ఉంటే బాగుండు అనుకుంటుంది. న్యూజెర్సీలో మా అక్క గోలా ఇదే, ఆవనూనె బదులు పప్పుల పొడి. ఇండియన్ స్టోర్లో బొరుగులు దొరుకుతాయి కదా అంటే, "అవి బొరుగులా? అట్టముక్కలు" అంటుంది.

అసలు తంటా పేరు దగ్గర. నవల్లో బిడ్డకి పేరు రాసి ముత్తవ్వ పంపిన ఉత్తరం దారిలో ఎక్కడో పోతుంది. పేరు రాయందే ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపరు. దాంతో గోగోల్ అన్న ముద్దుపేరు కాగితాలకెక్కుతుంది. 2009లో మా అక్క కొడుకు పుట్టేసరికి ఫోన్లున్నాయి, అయినా అదే కథ. రేవతి నక్షత్రం, దే దో చ చి అని సిద్ధాంతి చెబితే మా అమ్మ రెండు రోజులు ఆలోచించి "చిదానంద" అంది. అప్పటికే అక్కడ "నీల్" అని రాసేశారు. ఆ సంగతి చెప్పడానికి అక్కకి నెల పట్టింది.

వాడికి ఆరేళ్లప్పుడు చిత్తూరు వచ్చారు. కాణిపాకం తీసుకెళ్లాం. అర్చన దగ్గర పూజారి "బిడ్డ పేరేంటమ్మా?" అన్నాడు.

"చిదానంద సామీ. రేవతి నక్షత్రం."

వాడు తలెత్తి, "అవ్వా, నా పేరు నీల్" అన్నాడు.

వెనక జనం తోస్తున్నారు. పూజారి గుప్పిట్లో పూలు అలాగే పట్టుకుని, "ఏదో ఒకటి చెప్పమ్మా, ఇక్కడ అబద్ధమాడకూడదు" అని నవ్వాడు. ఆయన తమాషాకే అన్నాడు. మా అమ్మ మొహం మాడిపోయింది. అప్పు ఎగ్గొట్టినవాళ్ల చేత ఆ దేవుడి ముందు ప్రమాణాలు చేయించడం చూస్తూ పెరిగిన మనిషి మరి. చివరికి అక్కే రెండు పేర్లూ కలిపి చెప్పింది. బయటికొచ్చాక వాడు నా చొక్కా లాగి, "మామా, చిదానంద ఎవరు?" అన్నాడు.

నవల్లోనూ బడిలో వేసేటప్పుడు అమ్మానాన్నలు అసలు పేరుగా నిఖిల్ అని చెబుతారు. పిల్లాడు పలకడు. ప్రిన్సిపాల్ వాణ్ణే అడిగి గోగోల్ అని ఖాయం చేస్తుంది. తర్వాత వాడే పద్దెనిమిదేళ్లకి కోర్టుకెళ్లి నిఖిల్‌గా మార్చుకుంటాడు. ఇది చెప్పి మా అమ్మకి ధైర్యం చెప్పబోయాను. "కోర్టు దాకా ఎందుకురా" అంది.

ఆ మాటకొస్తే ఈ అవస్థకి విమానమే ఎక్కనక్కర్లేదు. మా జేజి పుట్టిల్లు తిరుత్తణి. పెళ్లయి వచ్చినప్పుడు అదీ చిత్తూరు జిల్లాయే. 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిపారు. ఆమె ఉన్నచోటే ఉంది, పుట్టిల్లు వేరే రాష్ట్రమైపోయింది. మాట్లాడేది తెలుగు, డబ్బులు మాత్రం తమిళంలో లెక్కపెట్టేది. వీసా లేని వలస కదా, ఎవరికీ పట్టదు.

వాడి పుట్టినరోజుకి మా అమ్మ ఏటా కాణిపాకంలో అర్చన చేయిస్తుంది. పోయినసారి నేనూ వెంట వెళ్లాను. పూజారి పేరడిగితే ఒక్క క్షణం ఆగి "నీల్" అంది. వెంటనే గొంతు పెంచి, "రేవతి నక్షత్రం సామీ, రేవతి" అని రెండుసార్లు చెప్పింది.