జమ్మిచెట్టు వేళ్ల దగ్గరి మట్టిలో మందులున్నాయా?

ప్రశ్న: ఎడారి చెట్ల వేళ్ల చుట్టూ ఉండే మట్టిలో రోగక్రిములను చంపే బాక్టీరియా ఉంటుందని విన్నాను. మా పొలం గట్టు మీది జమ్మిచెట్టు కింద కూడా ఉంటుందా? ఆ మట్టిని పుండ్లకు పూయవచ్చా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా

జవాబు: ఉంటుంది. థార్ ఎడారిలో పెరిగే జమ్మి, మీ గట్టు మీది జమ్మి ఒకే జాతి చెట్టు. దాని వేళ్లు చక్కెరలను, ఆమ్లాలను మట్టిలోకి స్రవిస్తాయి కనుక, వేరే తిండి అంతగా దొరకని పొడినేలలో సూక్ష్మజీవులు వేళ్ల చుట్టూనే గుమిగూడి ఆ కొద్దిపాటి ఆహారం కోసం పోటీ పడతాయి. వాటిలో స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా కరవు కాలమంతా విత్తనాల వంటి స్పోర్ల రూపంలో నిలిచి, తడి తగలగానే మొలకెత్తి, పోటీదారుల ఎదుగుదలను అడ్డుకునే రసాయనాలను తయారుచేస్తుంది. తొలకరి మట్టివాసన కూడా చాలావరకు దీని చలవే. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ 1943లో ఈ కుటుంబం నుంచే లభించింది. మన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త యాంటీబయాటిక్ మందు ఆరియోమైసిన్‌ను కనుగొన్నదీ ఇలాంటి మట్టి బాక్టీరియాలోనే.

అయితే దయచేసి ఆ మట్టిని పుండుకు పూయవద్దు. అందులోనే ధనుర్వాతం కలిగించే స్పోర్లు కూడా ఉండవచ్చు. ఆ రసాయనాన్ని వేరుచేసి, శుద్ధిచేసి, మోతాదును, విషప్రభావాన్ని పరీక్షించిన తరువాతే అది మందు అవుతుంది. మట్టి అంటిన గాయాన్ని సబ్బునీటితో బాగా కడిగి, వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ధనుర్వాతం టీకా గురించి అడగండి.