అప్‌డేట్ తర్వాత ల్యాప్‌టాప్ నెమ్మదిస్తే పవర్ సెట్టింగులు చూడండి

విండోస్ 11 అప్‌డేట్ అయ్యాక ల్యాప్‌టాప్ ఎందుకు నెమ్మదిస్తుందన్నది ప్రశ్న. మొదటి కొన్ని గంటలు టెన్షన్ పడకండి. ఫైళ్ల ఇండెక్సింగ్ (వెతకడానికి వీలుగా జాబితా వేసుకోవడం), యాప్‌ల అప్‌డేట్లు వెనకాల నడుస్తుంటాయి. ఛార్జర్ పెట్టి ఆన్‌లో వదిలేయండి.

మర్నాటికీ అలాగే ఉంటే సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీలో పవర్ మోడ్ చూడండి. 'బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ'లో ఉంటే బ్యాటరీ మిగల్చడం కోసం ప్రాసెసర్ వేగాన్ని తగ్గించి ఉంచుతుంది. మామూలు పనులకు 'బ్యాలెన్స్‌డ్' చాలు. ఎనర్జీ సేవర్ (పాత వెర్షన్లలో బ్యాటరీ సేవర్) ఆన్‌లో ఉందేమో కూడా చూడండి.

నేనైతే ముందు టాస్క్ మేనేజర్ చూడమంటాను. అందులో పర్ఫార్మెన్స్‌లో సీపీయూ (ప్రాసెసర్) దగ్గర 'స్పీడ్' (ఇప్పటి వేగం), 'బేస్ స్పీడ్' (దాని మామూలు వేగం) అని రెండు అంకెలుంటాయి. బరువైన పని నడుస్తున్నా స్పీడ్ బేస్ స్పీడ్‌ను దాటడం లేదంటే, ఏదో దాన్ని పట్టి ఆపుతోంది. ఒక్కోసారి అది కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లోని 'మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్' అనే పరిమితి. ల్యాప్‌టాప్ వేడెక్కుతోందని ఎవరి సలహా మీదో దాన్ని 99 శాతం చేసి మర్చిపోతుంటారు. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది కానీ, చాలా ప్రాసెసర్లలో దానితో టర్బో బూస్ట్ (అవసరమైనప్పుడు బేస్ స్పీడ్‌ను మించి నడిచే వీలు) మొత్తం ఆగిపోతుంది. మళ్లీ 100 చేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ఆప్షన్ కనిపించదు.

విండోస్ అప్‌డేట్‌తో పాటు బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) కూడా మారి ఉంటే తయారీ కంపెనీ యాప్ తెరవండి. ఫ్యాన్ మోడ్ 'క్వైట్'కి వెళ్లిపోయి, శబ్దం తగ్గించడం కోసం వేగాన్నీ తగ్గిస్తుండొచ్చు. తక్కువ వాట్ల ఛార్జర్ వాడినా కొన్ని ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గిస్తాయి, కాబట్టి దానితో వచ్చిన ఛార్జరే పెట్టి పరీక్షించండి.